‘మ్యూజియం క్వాలిటీ’ అని చెప్పి పోస్టరు పంపారు, డబ్బు వెనక్కి రాదా?

ప్రశ్న: మాది విజయనగరం. హాల్లో పెట్టుకుందామని రెనే మాగ్రిట్ గీసిన ‘గోల్కొండ’ చిత్రానికి ప్రింటు ఆన్‌లైన్‌లో 8,400 రూపాయలకు కొన్నాను. ‘మ్యూజియం క్వాలిటీ, 310 జీఎస్‌ఎం కాటన్ కాగితం, పిగ్మెంట్ ఇంకు, 80×100 సెంటీమీటర్లు’ అని ప్రకటనలో ఉంది. గంటస్తంభం దగ్గర ఫ్రేములు కట్టే ఆయనకు చూపిస్తే, ఇది మామూలు పోస్టరు కాగితమేనన్నారు. ‘ఆర్ట్ ప్రింట్లు వెనక్కి తీసుకోం, కేసు వేస్తే ముంబయిలోనే వేయాలి’ అంటోంది కంపెనీ. మరో సందేహం: మా తమ్ముడికి డిజిటల్ ప్రింటింగ్ షాపు ఉంది. ఇదే చిత్రాన్ని మంచి కాగితం మీద వేసి అమ్ముతానంటున్నాడు. అమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు ముంబయి వెళ్లనక్కరలేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. అంటే విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, న్యాయవాదిని పెట్టుకోవాలన్న నిబంధనా లేదు. బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ‘ముంబయి’ అని చూసి, ఎనిమిది వేల కోసం అంత దూరం ఎవరు తిరుగుతారులే అని వదులుకునేవాళ్లు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. అమ్మేవాళ్ల ధీమా అదే. దయచేసి మీరు వదులుకోవద్దు.

‘రిటర్న్ లేదు’ అన్న మాటా చెల్లదు. ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే దాన్ని వెనక్కి తీసుకోవడానికి నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి.

మీ కేసంతా నిరూపణ మీదే ఆధారపడి ఉంది. ‘మ్యూజియం క్వాలిటీ’ అన్న మాటకు చట్టంలో నిర్వచనం లేదు. దాన్నే పట్టుకుంటే కంపెనీ వకీలు ‘మా దృష్టిలో ఇదే ఆ నాణ్యత’ అని తప్పించుకుంటాడు. మీ బలమంతా పక్కనున్న అంకెల్లో ఉంది. 310 జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం 310 గ్రాములు తూగాలి. 80×100 సెంటీమీటర్ల కాగితం 0.8 చదరపు మీటర్లు కాబట్టి దాదాపు 248 గ్రాములు ఉండాలి. 170 జీఎస్‌ఎం పోస్టరు కాగితమైతే 136 దగ్గరే ఆగిపోతుంది. తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న కాటా ఏదైనా నగల దుకాణంలో దొరుకుతుంది. కవరు తీసేసి, ప్రింటును వదులుగా చుట్టి తూయించండి. కాటా మీది అంకె కనబడేలా వీడియో తీయండి. చుట్టూ తెల్లటి అంచు వదిలి ఉంటే చిత్రం కొలత కాకుండా కాగితం కొలత తీసుకుని లెక్క వేయాలి. ఆపైన భూతద్దంతో చూడండి. రంగు చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా వరుసగా అమరి ఉంటే అది పోస్టర్లను పెద్ద సంఖ్యలో అచ్చువేసే ఆఫ్‌సెట్ ముద్రణ, వాళ్లు చెప్పిన పిగ్మెంట్ ఇంకు ప్రింటు కాదు. ఫ్రేములు కట్టే ఆయన చేత తాను చూసింది చూసినట్టు రాయించి సంతకం తీసుకోండి. మీ తమ్ముడి చేత మాత్రం వద్దు, సొంతవాడి మాటకు విలువ తగ్గుతుంది. అవసరమైతే కమిషనే నమూనాను ప్రయోగశాలకు పంపించగలదు. అందుకే ప్రింటును ఫ్రేము కట్టించకుండా, వచ్చిన గొట్టం, దాని మీది చిరునామా చీటీతో సహా అలాగే ఉంచండి.

ప్రకటన పేజీని ఈ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, రేపు మార్చేస్తారు. దానికి భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు ఇచ్చే ధ్రువపత్రం జత చేయాలి. ముందుగా కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఆయన 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పవచ్చు. అప్పటికీ కదలకపోతే కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేయండి. గడువు రెండేళ్లు. డబ్బుతో పాటు వడ్డీ, పరిహారం, ఖర్చులు కూడా అడగండి.

ఇక తమ్ముడి సంగతి. మాగ్రిట్ బెల్జియం చిత్రకారుడు. టోపీలు పెట్టుకున్న మనుషులు ఎర్ర పైకప్పుల ఇళ్ల ముందు గాలిలో నిలబడ్డ ఈ చిత్రాన్ని 1953లో గీసి, మన వజ్రాల కోట పేరు పెట్టారు. పేరు మనదైనా హక్కు మనది కాదు. ఆయన 1967 ఆగస్టు 15న మరణించారు. మన కాపీరైటు చట్టం ప్రకారం చిత్రకారుడు పోయిన మరుసటి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. అంటే 2027 డిసెంబర్ 31 దాకా అనుమతి లేనిదే ఆ చిత్రాన్ని ముద్రించి అమ్మకూడదు. ‘కింద చిత్రకారుడి పేరు వేస్తే సరిపోతుంది’ అని ప్రింటింగ్ షాపుల్లో ఒక నమ్మకం ఉంది. అది తప్పు. దొరికితే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ అయితే 1989లో పోయారు కాబట్టి 2049 చివరిదాకా ఆగాల్సిందే. మెక్సికో చిత్రకారిణి ఫ్రిదా కాలో 1954లోనే మరణించారు, ఆమె జీవితకాలంలో వెలుగు చూసిన చిత్రాలకు మన దేశంలో 2014తోనే గడువు తీరింది. తమ్ముడు వాటిని వేసి అమ్ముకోవచ్చు, కానీ ఇక్కడే. విదేశాలకు పంపితే ఆ దేశపు గడువు వర్తిస్తుంది.

కొన్న ప్రింటును ఇంట్లో తగిలించుకున్నందుకు మీ మీద కేసేమీ రాదు, నిశ్చింతగా ఉండండి. అయితే ఇదే లెక్క ఆ కంపెనీకీ వర్తిస్తుంది. మాగ్రిట్ చిత్రాన్ని ముద్రించి అమ్మడానికి వాళ్ల దగ్గర అనుమతి ఉందా? మీరు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసే లేఖలో, 15 రోజుల్లో లైసెన్సు పత్రం నకలు పంపమని ఒక వాక్యం తప్పకుండా చేర్చండి. నాణ్యత గురించి ఎంత రాసినా కదలని అమ్మకందారులు ఆ వాక్యం చూసి డబ్బు వాపసు ఇవ్వడానికి ముందుకొస్తారు.