పాఠకుల ప్రశ్నలు – జవాబులు: నడుస్తున్న రీఫ్ అక్వేరియంలోకి కొత్త రాయి

ప్రశ్న: మా రీఫ్ తొట్టి (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) కొన్నేళ్లుగా నిలకడగా నడుస్తోంది. పగడాలు బాగానే పెరుగుతున్నాయి. ఒక మూల ఖాళీగా ఉందని పది కిలోల డ్రై రాక్ (ఎండబెట్టిన రీఫ్ రాయి) తెప్పించాను. రాయి తెల్లగా, శుభ్రంగానే కనిపిస్తోంది. మంచినీటితో కడిగి పెట్టేయమని ఒకరు, బ్లీచ్‌లోనూ ఆపై యాసిడ్‌లోనూ నానబెట్టి మూడు నెలలు ఆగమని మరొకరు, మరిగే నీళ్లలో వేసి తీస్తే చాలని ఇంకొకరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందుగా మూడో సలహాను పూర్తిగా పక్కన పెట్టండి. రీఫ్ రాయిని ఉడకబెట్టడం ప్రమాదకరం. రాతి మీద జోయాంథిడ్ జాతి జీవులు, ముఖ్యంగా పాలిథోవా, అంటుకొని ఉంటే వాటిలోని పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఆవిరితోపాటు గాలిలోకి లేచి ఇంటిల్లిపాదికీ ఊపిరాడకుండా చేయగలదు. ఇలా ఆసుపత్రి పాలైన వారు ఉన్నారు. పైగా రాతి లోపలి గదుల్లో చిక్కుకున్న గాలి వేడెక్కితే రాయి పగిలి మీదికి ఎగిరే అవకాశమూ ఉంది.

మిగిలిన రెండు సలహాల్లో ఏది సరైనదో మీ రాయే చెప్పాలి. కొత్త తొట్టి ప్రారంభించేవారికి రాతిలో బ్యాక్టీరియా స్థిరపడటం ముఖ్యం. మీకు ఆ అవసరం అంతగా లేదు, ఎందుకంటే ఇప్పుడున్న చేపల వ్యర్థాలను శుద్ధి చేసే బ్యాక్టీరియా మీ పాత రాళ్లలో ఇప్పటికే ఉంది. పాత రాయిని తీసేసి దాని స్థానంలో కొత్తది పెట్టేవారి సంగతి వేరు. మీ విషయంలో చూసుకోవలసినవి రెండే: రాతిలో కుళ్లే పదార్థం మిగిలి ఉందా, రాతిలోంచి నాచును పెంచే ఫాస్ఫేట్ ఊరుతుందా? ఈ రెండూ పైకి కంటికి కనిపించేవి కావు. పైకి సున్నంలా తెల్లగా ఉన్న రాయిలో ఒక మూల చిన్న ముక్క విరిచి చూడండి. లోపలి రంధ్రాల గోడలకు అట్టకట్టిన గోధుమరంగు పొర, ఎండి పెళుసుబారిన స్పాంజి పోగులు, పురుగుల గొట్టాల అవశేషాలు చాలాసార్లు బయటపడతాయి. నీరు తగిలితే ఇవన్నీ మెత్తబడి కుళ్లి అమోనియాను విడుదల చేస్తాయి. రీఫ్ నీటి పీహెచ్ 8 దాటి ఉంటుంది కనుక, అదే మోతాదు అమోనియా మంచినీటి తొట్టిలో కంటే ఇక్కడ ఎక్కువ విషంగా పనిచేస్తుంది.

ఫాస్ఫేట్ కథ కాస్త సూక్ష్మమైనది. ఈ రాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. ఫాస్ఫేట్ దాని ఉపరితలానికి అంటుకొని, చుట్టూ ఉన్న నీటిలోని స్థాయితో ఒక సమతూకానికి వస్తుంది. రాతిలో ఎక్కువగా ఉండి నీటిలో తక్కువగా ఉంటే నీటిలోకి వదులుతుంది. నీటిలోనే ఎక్కువగా ఉంటే రాయే పీల్చుకుంటుంది. అందుకే ఒకసారి నీరు మార్చగానే సున్నాకు పడిన ఫాస్ఫేట్ నాలుగు రోజుల్లో మళ్లీ పైకి వస్తుంది. అది నీటి మార్పు విఫలమైనట్లు కాదు, రాతిలోని నిల్వ ఇంకా తరగలేదన్నమాట.

కాబట్టి చేయవలసిన మొదటి పని ఇది. రాయిని మంచినీటి ధారకింద బ్రష్‌తో రుద్ది కడిగి, మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ టబ్బులో వేయండి. ఆర్‌ఓ లేదా ఆర్‌ఓడీఐ నీటితో (వడపోసి లవణాలు తీసేసిన నీరు) 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) లవణీయత ఉండేలా ఉప్పునీరు కలిపి నింపండి. ఒక హీటరుతో 25–26 డిగ్రీల సెల్సియస్ నిలపండి, ఒక పవర్‌హెడ్‌తో నీటిని గట్టిగా కదిలించండి. వెలుతురు అవసరం లేదు, ఉంటే నాచుకు మాత్రమే లాభం. రాయి వేయకముందే ఆ ఉప్పునీటిలోని ఫాస్ఫేట్‌ను ఒకసారి కొలిచి రాసిపెట్టుకోవడం మరచిపోవద్దు, లేకుంటే తరువాత వచ్చే అంకె రాతిదో, ఉప్పుదో, నీటిదో తేలదు. వారం తరువాత అమోనియా, ఫాస్ఫేట్ రెండూ చూడండి. అమోనియా అసలు కనిపించకుండా, ఫాస్ఫేట్ 0.1 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు) లోపు ఉంటే నీరు మార్చి మరో వారం చూడండి. అప్పుడూ అంతే ఉంటే మీ రాయికి ఏ రసాయనమూ అక్కరలేదు. క్యాలెండరు చూసి మూడు నెలలు ఆగడంలో నాకు అర్థం కనిపించదు. కొన్ని రాళ్లు రెండు వారాల్లో సిద్ధమవుతాయి, కొన్ని ఆరు నెలలకూ కావు.

అమోనియా కనిపించినా, మూత తీయగానే కుళ్లిన వాసన వచ్చినా బ్లీచ్ పనికివస్తుంది. సువాసన గానీ డిటర్జెంటు గానీ కలపని మామూలు సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని పది వంతుల మంచినీటికి ఒక వంతు చొప్పున కలిపి, గాలి ఆడే చోట కొన్ని రోజులు నానబెడితే లోపలి సేంద్రియ పదార్థం చాలావరకు ఆక్సీకరణ చెందిపోతుంది. ఆపై పలుమార్లు కడిగి, క్లోరిన్‌ను హరించే సోడియం థయోసల్ఫేట్ కలిపిన నీటిలో నానబెట్టి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. క్లోరిన్ వాసన రవ్వంత మిగిలినా మళ్లీ కడగాలి.

యాసిడ్ స్నానం గురించి నా అభిప్రాయం వేరు. పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ రాతి పైపొరను కరిగించి దానితోపాటు ఫాస్ఫేట్‌ను తీసుకుపోతుందన్నది నిజమే, కానీ లోతున ఉన్నదాన్ని అది చేరదు. పైగా ఇదీ చాలా ప్రమాదకరమైన పద్ధతే. బ్లీచ్ తడి ఆరని రాయి మీద యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తప్పనిసరై చేసేవారు చేతికి తొడుగులు, కంటికి అద్దాలు పెట్టుకొని, ఆరుబయట, నీటిలోకి యాసిడ్ పోయాలే తప్ప యాసిడ్‌లోకి నీరు పోయకూడదు. ఫాస్ఫేట్ మొండికేస్తే రాయి నానే ఉప్పునీటి టబ్బులోనే, ఫాస్ఫేట్‌తో కలిసి మడ్డిగా మారే లాంథనం క్లోరైడ్‌ను చుక్కలు చుక్కలుగా వాడి, ఏర్పడే తెల్లని మడ్డిని సన్నని ఫిల్టర్ సాక్‌తో పట్టి, నీరు మార్చడం నాకు ఎంతో మేలనిపిస్తుంది. టబ్బులో చేపలు లేవు గనుక తొందరపడి మోతాదు పెంచినా నష్టం రాతి వరకే.

సిద్ధమైన పది కిలోలనూ ఒకేసారి దించకండి. మూడు నాలుగు విడతలుగా, విడతకూ విడతకూ మధ్య వారం, పది రోజులు ఆగి పెట్టండి. ప్రతిసారీ అమోనియాతోపాటు ఫాస్ఫేట్ కూడా కొలవండి. మరీ శుభ్రం చేసిన రాయి మీ తొట్టిలోని ఫాస్ఫేట్‌ను పీల్చేసి పగడాలకు కరువు తెచ్చే అవకాశమూ ఉంది. రాయి ఎంత చోటు ఆక్రమిస్తే అంత నీరు పైకి లేస్తుంది కనుక, ముందుగానే సంపు (తొట్టికి అనుబంధంగా ఉండే రెండో నీటి తొట్టి) లోంచి కొంత నీరు తోడి, మోటారు ఆపి సంపు పొంగదని నిర్ధారించుకోండి. రాయిని ఇసుక మీద కాక, ఇసుకను పక్కకు తోసి అడుగు మీదే నిలపండి, తవ్వే అలవాటున్న గోబీ చేపలు, పిస్టల్ రొయ్యలు దాని కింద ఇసుకను లాగేసి కూలదోయగలవు. ఎపాక్సీతో అతికిస్తే ఒకటి రెండు రోజులు స్కిమ్మర్ (నురుగుతో వ్యర్థాలను తీసే పరికరం) అదుపు తప్పి నురుగు పొంగిస్తుంది, కంగారుపడవద్దు.

ప్రశ్న: తొట్టి తీసేస్తున్న మిత్రుడు తన లైవ్ రాక్ (జీవులున్న తడి రాయి) ఇస్తానన్నాడు. తడి కాగితంలో చుట్టి గంటలో తెచ్చుకోగలను. నేరుగా పెట్టవచ్చా?

జవాబు: గంట ప్రయాణంలో చనిపోయే జీవులు తక్కువే, కాబట్టి అమోనియా భయం పెద్దగా లేదు. అయితే ఆ తొట్టిలో ఎన్నడైనా రాగి కలిసిన మందు వాడారా అని ముందే అడగండి. వాడి ఉంటే ఆ రాయి వద్దు. రాతిలో చేరిన రాగి మెల్లగా నీటిలోకి వస్తూ రొయ్యలను, నత్తలను, పగడాలను చంపుతుంది. వాడలేదంటే వేరే టబ్బులో కొన్ని వారాలు ఉంచి, రాత్రివేళ ఎర్రని టార్చి వెలుతురులో పరిశీలించండి. ఎక్కువ ఉప్పు కలిపిన నీటిలో కొద్దిసేపు ముంచితే పీతలు, మాంటిస్ రొయ్యలు కన్నాల్లోంచి బయటికి వస్తాయి. ఐప్టేసియా (వేగంగా వ్యాపించి పగడాలను కుట్టే సీ అనిమోన్) కనిపిస్తే గోకి తీయవద్దు, మిగిలిన చిన్న ముక్కనుంచి కూడా అది మళ్లీ పెరుగుతుంది. ఆ భాగాన్ని రాతితో సహా విరిచి పారేయడం మంచిది.

ప్రశ్న: డ్రై రాక్ పెట్టిన పది రోజులకు దానిమీద మాత్రమే గోధుమరంగు పొర వచ్చింది. తీసేయాలా?

జవాబు: అక్కరలేదు. పొడిలా ఉండి, వేలితో తుడిస్తే దుమ్ములా లేచిపోతే అది డయాటం (సూక్ష్మ నాచు) పొర. కొత్త ఉపరితలం మీద సహజం, నత్తలు తింటాయి. జిగురుగా, పోగులుగా సాగి, పోగుల కొనల్లో గాలిబుడగలు నిలిస్తే మాత్రం పోషకాలు లేని నీటిలో విజృంభించే డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులని అనుమానించి, నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు పడ్డాయేమో వెంటనే కొలవండి. పడి ఉంటే జీఎఫ్ఓ (ఫాస్ఫేట్‌ను పీల్చే ఐరన్ ఆక్సైడ్ గుళికలు) వాడుతుంటే తీసేసి, కొత్త విడత రాయిని వాయిదా వేయండి.