తాళం తీసినా వేగం పెరగదు

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ ఐ7-9750ఎచ్ ప్రాసెసర్ ఉంది. బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే మూల ప్రోగ్రామ్) తెరిస్తే తేదీ, పాస్‌వర్డ్, బూట్ వరుస తప్ప మరేమీ కనిపించవు. ఇదే మోడల్ వాడే మిత్రుడు ఒక ఆఫ్‌సెట్ సంఖ్య ఇచ్చి, అక్కడ 1 తీసి 0 రాస్తే ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను నిర్ణీత వేగం దాటించడం) తాళం ఊడిపోతుందన్నాడు. రాయవచ్చా?

జవాబు: ఆ సంఖ్యను నమ్మి రాయకండి. మీ మిత్రుడు అబద్ధం చెప్పాడని కాదు, అది ఆయన బయోస్ వెర్షన్‌కే నిజం.

తయారీదారులు చాలా సెట్టింగులను తీసేయరు, మెనూలో కనబడకుండా చేస్తారంతే. వాటి విలువలు ఎన్‌వీరామ్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీలో, వేరియబుల్స్ అనే పేరున్న గుంపులుగా ఉంటాయి. ఆఫ్‌సెట్ అంటే ఫలానా వేరియబుల్‌లో ఎన్నో బైటు అని చెప్పే సంఖ్య. వెర్షన్ మారితే ఆ చోటు జరగవచ్చు. పైగా ‘సెటప్’ అనే వేరియబుల్ వేరు, ‘సీపీయూ సెటప్’ వేరు. ఏ వేరియబుల్లోనో తెలియని ఆఫ్‌సెట్ వీధి పేరు లేని ఇంటి నంబరు లాంటిది. మీ సొంత బయోస్‌ను యూఈఎఫ్ఐ టూల్ అనే ప్రోగ్రామ్‌తో విప్పి, దాగిన మెనూ వరుసలను చూపే ఐఎఫ్ఆర్ ఎక్స్‌ట్రాక్టర్‌తో చదివితే ‘ఓవర్‌క్లాకింగ్ లాక్’ అనే వరుస పక్కనే వేరియబుల్, ఆఫ్‌సెట్ రెండూ దొరుకుతాయి. రాసే ముందు అక్కడున్న విలువ చదవండి. 1 ఉండవలసిన చోట మరొకటి కనిపిస్తే అంతటితో ఆపేయండి.

ఇంతకీ, తాళం తీస్తే మీకు ఒరిగేదేమిటి? ఈ ప్రాసెసర్ గరిష్ఠ వేగం 4.5 గిగాహెర్ట్జ్. దాన్ని దాటనివ్వని కట్టడి చిప్‌లోనే ఉంది, బయోస్‌లో ఏ బైటు మార్చినా అది తొలగదు. మీకు దక్కేది వోల్టేజీ తగ్గించుకునే వీలు. నన్నడిగితే ల్యాప్‌టాప్‌కు అదే మేలు. ఖర్చయ్యే విద్యుత్తు వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, వోల్టేజీ 5 శాతం తగ్గితే అది దాదాపు 10 శాతం తగ్గుతుంది. వేడి తగ్గిన మేరకు ఉన్న వేగమే ఎక్కువసేపు నిలుస్తుంది. 2019 డిసెంబరులో ‘ప్లండర్‌వోల్ట్’ లోపం (వోల్టేజీ తగ్గించి ప్రాసెసర్‌లోని రహస్యాలను రాబట్టే దారి) బయటపడ్డాకే చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ వీలును మూసేశారు. తాళం తీస్తే ఆ రక్షణా పోతుందని గుర్తుంచుకోండి.

అయినా దిగుతానంటే, బయోస్‌లో తాళం ఒక్కటే తీయండి. వోల్టేజీని అక్కడ ముట్టుకోకుండా, విండోస్‌లో థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్‌తో 50 మిల్లీవోల్టులు తగ్గించి మొదలుపెట్టండి. నిలకడ చూసుకునేదాకా ఆ ప్రోగ్రామ్ దానంతటది మొదలయ్యేలా పెట్టకండి. అప్పుడు యంత్రం బిగుసుకుపోయినా, ఆపి మళ్లీ ఆన్ చేస్తే పాత వోల్టేజీ వచ్చేస్తుంది.

తప్పు బైటు రాస్తే ఆ సుఖం లేదు. తెర నల్లగా ఉండిపోవచ్చు. బ్యాటరీ పీకినంత మాత్రాన ల్యాప్‌టాప్ కోలుకోకపోవచ్చు, ఎందుకంటే సాధారణంగా ఈ విలువలు ఉండేది బయోస్ ఉన్న ఫ్లాష్ చిప్‌లోనే. అప్పుడిక వెనుక మూత విప్పి, ఆ ఎనిమిది కాళ్ల చిప్‌కు క్లిప్పు తగిలించి, ప్రోగ్రామర్ అనే, చిప్‌లో రాసే పరికరంతో పాత ప్రతిని ఎక్కించాలి. చిప్ 3.3 వోల్టులదా, 1.8 వోల్టులదా అన్నది ముందే చూసుకోవాలి. ఆ పాత ప్రతి మీ చిప్ నుంచి మీరు తీసుకున్నదే అయి ఉండాలి. తయారీదారు ఇచ్చే అప్‌డేట్ ఫైలులో మీ యంత్రం సీరియల్ నంబరు ఉండదు. డిస్కుకు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీని ముందుగా వేరేచోట రాసి పెట్టుకోండి.