కొడుకు పోకర్ ఆడతానంటున్నాడు, ప్లాటు అమ్మాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. టీచర్‌గా రిటైరయ్యాను. మా అబ్బాయికి 27 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, గోవా వెళ్లి పోకర్ టోర్నమెంట్లు ఆడుతున్నాడు. పోయినేడు 12 లక్షలు గెలిచానని ఫొటోలు చూపించాడు. ఇప్పుడు హసన్‌పర్తి ప్లాటు అమ్మి 8 లక్షలు ఇవ్వమంటున్నాడు. నేను పత్తాలాట అంటాను, వాడు తెలివితో ఆడే ఆట అంటాడు. సంబంధాల వాళ్లకు ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు.

సమాధానం: సార్, జూదమా తెలివా అన్న పంచాయితీ తెగేది కాదు, వదిలేయండి. పోకర్‌లో నేర్పు ఉన్న మాట నిజమే. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అమెరికా అకౌంటెంట్ 86 డాలర్ల ఆన్‌లైన్ పోటీతో మొదలుపెట్టి, లాస్ వేగాస్ వరల్డ్ సిరీస్ పోకర్ పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. అప్పటి నుంచి కుర్రాళ్ల కళ్లలో అదే ఫొటో. మీరు మాత్రం లెక్కల పుస్తకం అడగండి.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన రైతు క్వింటా రేటు చూసి మురిసిపోడు, తక్‌పట్టీలో (అమ్మకం లెక్క చీటీలో) కోతలన్నీ పోను ఎంత మిగిలిందో చూస్తాడు. ఇక్కడా అంతే. ఆడిన ప్రతి టోర్నమెంటుకూ తేదీ, ఎంట్రీ ఫీజు, ఔటయ్యాక మళ్లీ కట్టిన రీఎంట్రీలు, వచ్చిన ప్రైజు, టీడీఎస్, ప్రయాణం, గది అద్దె వరుసగా రాసి ఉండాలి. చాలామంది రీఎంట్రీలు రాయరు. 25 వేల టోర్నమెంటు అని చెప్పేదానికి 75 వేలు పెట్టి ఉంటారు.

అసలు దెబ్బ పన్ను దగ్గర. పేకాట గెలుపుపై 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్. ఓడిన ఆటల ఫీజులు, ఖర్చులు మినహాయించుకోనివ్వరు. మీ అబ్బాయి 12 లక్షలు గెలవడానికి 10 లక్షల ఫీజులు కట్టాడనుకుందాం. 2 లక్షలు మిగిలినట్టే కనబడుతుంది. పన్ను మాత్రం 12 లక్షల మీద సుమారు 3 లక్షల 74 వేలు. అంటే గెలిచిన ఏడాదిలోనే లక్షా 74 వేలు నష్టం, గోవా ఖర్చులు వేరే.

ఇక ఆ 8 లక్షల సంగతి. టోర్నమెంట్ ఆటగాళ్లు కనీసం 100 ఎంట్రీల డబ్బు పక్కన ఉంచుకోవాలంటారు. 25 వేల ఆటలకు అది 25 లక్షలు. 8 లక్షలకు 32 ఎంట్రీలే వస్తాయి. పెద్ద డబ్బంతా మొదటి మూడు స్థానాల్లో ఉంటుంది. 200 మంది ఆడే చోట సగటు ఆటగాడు ఆ మూడింటిలోకి వచ్చే అవకాశం 1.5 శాతం. మీవాడు దానికి రెండింతలు మొనగాడే అనుకున్నా, 32 ఆటల్లో ఒక్కసారీ అక్కడికి చేరకపోయే అవకాశం పదింట నాలుగుకు దగ్గర. ఆట బాగా వచ్చినవాడికీ ఇలాగే జరుగుతుంది. ప్లాటు అమ్మకండి.

స్నేహితులు పెట్టుబడి పెట్టారేమో కూడా అడగండి. దాన్ని స్టేకింగ్ అంటారు. చాలా ఒప్పందాల్లో ముందు పాత నష్టమంతా పూడాలి, ఆ తర్వాతే లాభం పంపకం. ఆ పాత బాకీని మేకప్ అంటారు. అది 3 లక్షలుంటే, రేపు 3 లక్షలు గెలిచినా ఇతని చేతికి రూపాయి రాదు. కాగితం చూడందే నమ్మకండి.

ఇంట్లో ఫోన్‌లో ప్రాక్టీస్ అంటూ డబ్బుతో ఆడితే ఊరుకోకండి. తెలంగాణలో 2017 నుంచి ఆన్‌లైన్ డబ్బాటలు నిషిద్ధం, 2025లో కేంద్రం కూడా నిషేధ చట్టం చేసింది.

ఆదివారం అన్నం తిన్నాక, చుట్టాలెవరూ లేనప్పుడు కూర్చోండి. 'ఏడాది టైమిస్తా, నా డబ్బు మాత్రం ఇవ్వను. పార్ట్‌టైం పనో, ఫ్రీలాన్సో చేసుకుంటూ నీ సంపాదనతో ఆడు. నెలనెలా పుస్తకం చూపించు' అని చెప్పండి. వాళ్లమ్మతో కూడా ముందే మాట్లాడుకోండి, చాటుగా గోల్డ్ లోన్ తీసి ఇచ్చే తల్లులు చాలామంది.

పుస్తకం దాచినా, లోన్ యాప్‌లలో అప్పు తెచ్చినా, ఓడిన రోజే ఇంకా పెద్ద ఎంట్రీ కట్టినా అది కెరీర్ దాటి వ్యసనమైనట్టు. అప్పుడు 14416కు ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. సైకియాట్రిస్టు దగ్గరికీ తీసుకెళ్లండి.

సంబంధాల వాళ్లకు 'సాఫ్ట్‌వేర్' అని మాత్రం చెప్పకండి. ఈ ఏడాది సంబంధాలు చూడటం ఆపేయండి. తర్వాత కూడా ఇదే ఆడుతుంటే, పిల్ల తండ్రి ముందు ఆ పుస్తకం పెట్టండి.