తొమ్మిదేళ్ల పాపకు మొదట ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్పాలి?

పాపకు 9 ఏళ్లు, తెలిసినవాళ్లు జావాతో మొదలుపెట్టమంటున్నారు, సరేనా అని అడిగారు. నా మాట వింటే జావా ఇప్పుడే వద్దు. స్క్రాచ్‌తో మొదలుపెట్టండి.

స్క్రాచ్‌ను అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన మీడియా ల్యాబ్ వాళ్లు 2007లో విడుదల చేశారు. పూర్తిగా ఉచితం. ఇందులో టైపింగ్ తప్పుల గొడవ ఉండదు, రంగురంగుల బ్లాకుల్ని ఒకదాని కింద ఒకటి అతికిస్తే చాలు. తెర మీద పిల్లి నడుస్తుంది. అంచుకు తగిలితే వెనక్కి తిరిగేలా బ్లాకు పెట్టగానే ఆ పిల్లి తలకిందులై నడవడం మొదలుపెడుతుంది! పిల్లలు ముందు పగలబడి నవ్వుతారు, తర్వాత ఎందుకలా అయిందని వెతుకుతారు. ఎడమ, కుడి వైపులకు మాత్రమే తిరగాలని చెప్పే బ్లాకు దొరికాక సరిచేస్తారు. ఆ వెతుకులాటే అసలు ప్రోగ్రామింగ్. దయచేసి మీరు ముందే చెప్పేయకండి.

జావాలో అయితే ఒక్క వాక్యం తెర మీద చూపించడానికే మామూలుగా క్లాస్, మెయిన్ అంటూ కొన్ని లైన్లు రాస్తారు. ఈ వయసులో అదంతా బట్టీ పట్టడమే అవుతుంది.

బ్లాకులతో విసుగొచ్చి, కీబోర్డు మీద చేయి తిరిగాక, టైప్ చేసి రాసే పైథాన్ భాషకు వెళ్లండి. చాలామందికి అది 11, 12 ఏళ్లప్పుడు కుదురుతుంది. పైథాన్‌తో పాటే వచ్చే, తెర మీద గీతలు గీసే టర్టిల్‌తో మొదలుపెడితే మంచిది: 100 ముందుకు, 90 డిగ్రీలు కుడికి, ఇలా నాలుగుసార్లు చేస్తే చతురస్రం. 90 బదులు 120 పెట్టి మూడుసార్లు తిప్పితే ఏమొస్తుందో పాపనే ఊహించమనండి.