ఆదివారం మటన్ తింటే అర్ధరాత్రి దద్దుర్లు: గోమార్ల సంగతి అడిగారా ఎవరైనా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది గజపతినగరం దగ్గర పల్లె, నాకు 44 ఏళ్ళు, నాలుగు ఆవులు, ఒక పాతిక మేకలు ఉన్నాయి. చిన్నప్పట్నించీ మటన్ తింటన్నాను, ఏనాడూ ఏటీ అవలేదు. ఈ ఏడు పైడితల్లమ్మ పండక్కి బావమరిది ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి బాగా తినీసి పడుకున్నాను, ఒంటిగంటకి అరచేతులు, అరికాళ్ళు దురద పుట్టి మెలకువ వచ్చీసింది, లైటేసి చూస్తే ఒళ్ళంతా దద్దుర్లు, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, రెండు వాంతులు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు గేస్ అనీసి ఇంజెక్షన్ చేశారు, తెల్లారికి తగ్గిపోయింది. నెల తిరక్కుండా ఇంకో ఆదివారం రాత్రి మటన్, బోటీ తిన్నాను, ఈసారి కళ్ళు తిరిగి గుమ్మం దగ్గర పడిపోనాను. కోడి తిన్నా చేప తిన్నా ఏటీ అవట్లేదు. మా అమ్మ దిష్టి అంటది, లేపోతే కోడలు కూర సరిగ్గా ఉడకబెట్టలేదంటది, ఇంట్లో రోజూ గొడవే. ఇన్నేళ్ళు పడిన మాంసం ఇప్పుడెందుకు పడట్లేదు?

జవాబు: తమ్ముడూ, ముందు మీ అమ్మగారికి నా మాటగా చెప్పండి, ఇందులో కోడలి తప్పేమీ లేదు. కూర ఉడక్కపోయినా మాంసం పాడైనా అదే కూర తిన్న మిగతావాళ్ళకీ కడుపు చెడేది, పైగా మొదటిసారి మీరు తిన్నది బావమరిది ఇంట్లో కదా.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది టైము. మామూలుగా తిండి పడకపోతే నిమిషాల్లో తెలిసిపోతుంది, మహా అయితే రెండు గంటలు, రొయ్యలు పడనివాళ్ళకి చెయ్యి కడుక్కునే లోపే మూతి వాచిపోవడం మీరూ చూసే ఉంటారు. మీకేమో మొదటిసారి ఐదు గంటలు పట్టింది, అదీ నిద్రలో. మటన్ మసాలాలో వేసే గసగసాలు, జీడిపప్పు కూడా కొందరికి పడవు, నేను ముందు వాటినే అనుమానించాను, కానీ అవి ఇంత ఆలస్యంగా రావు, పైగా మన ఇళ్ళల్లో కోడికూరలోనూ అదే మసాలా నూరి వేస్తాం, కోడి మీకు పడుతోంది. ఇవన్నీ పక్కన పెడితే గట్టిగా అనుమానించాల్సింది ఆల్ఫా-గాల్ అనే ఎలర్జీని.

ఆల్ఫా-గాల్ అంటే ఒక రకం చక్కెర పదార్థం. మేక, గొర్రె, ఆవు, గేదె, పంది, ఇలా పాలిచ్చే జంతువుల ఒంట్లో ఉంటుంది, మనుషుల్లో ఉండదు, కోడిలో చేపలో ఉండదు. మనం తినేటప్పుడు దాంతో గొడవేమీ లేదు, గొడవ తెచ్చేది గోమారి, కొన్ని చోట్ల పిడుదు అంటారు. అది కుట్టి రక్తం తాగేటప్పుడు దాని లాలాజలంతో పాటు ఈ పదార్థం చర్మం గుండా లోపలికి వెళ్తే కొంతమంది ఒళ్ళు దాన్ని శత్రువుగా గుర్తు పెట్టేసుకుని ఐజీఈ అనే యాంటీబాడీ (శత్రువుని ఎదిరించడానికి ఒళ్ళు రక్తంలో తయారు చేసుకునే పదార్థం) తయారు చేస్తుంది, ఆ తర్వాత అదే పదార్థం మటన్‌లో కనపడగానే తిరగబడుతుంది. అందుకే నలభై ఏళ్ళు హాయిగా తిన్నవాళ్ళకి కూడా ఒక్కసారిగా మొదలవుతుంది. ఆలస్యానికి కారణం, ఇది ఎక్కువగా కొవ్వుతో కలిసి ఉంటుంది, కొవ్వు అరిగి రక్తంలోకి చేరేసరికి గంటలు పడుతుంది అని అనుకుంటున్నారు. కొవ్వున్న ముక్కలు, బోటీ లాంటివి తిన్నప్పుడు ఎక్కువ అవడం కూడా మామూలే, మీకు రెండోసారి గట్టిగా తగలడానికి అదీ ఒక కారణం కావచ్చు.

దీన్ని కనిపెట్టింది కూడా నేరుగా కాదు. సెటుక్సిమాబ్ అని ఒక కేన్సర్ మందు ఉంది, అమెరికాలో ఆగ్నేయం వైపు రాష్ట్రాల్లోనే అది ఎక్కిస్తుంటే చాలామందికి మొదటి డోసుకే ప్రాణం మీదకి వచ్చేది, ఎందుకా అని వెతికితే ఆ మందులోనూ ఆల్ఫా-గాల్ ఉందని, మందు కంటే ముందే వాళ్ళ రక్తంలో దాని మీద యాంటీబాడీలు ఉన్నాయని 2008లో బయటపడింది. వర్జీనియాలో థామస్ ప్లాట్స్-మిల్స్ అనే డాక్టరు బృందం, ఆస్ట్రేలియాలో షెరిల్ వాన్ న్యూనెన్ అనే డాక్టరు దాన్నీ గోమార్ల కాట్లనీ మాంసాన్నీ ఒక తాటి మీదకి తెచ్చారు. ఒక్క అమెరికాలోనే 2010 నుంచి నాలుగున్నర లక్షల మంది దాకా దీని బారిన పడి ఉండొచ్చని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2023లో అంచనా వేసింది. మన దగ్గర ఇంకా చాలామంది డాక్టర్లకే ఈ పేరు కొత్త, అందుకని మీ ఆర్‌ఎంపీ గారిని కూడా నేను తప్పుపట్టను, అర్ధరాత్రి కడుపు పట్టుకుని వచ్చిన మనిషిని చూసి రాత్రి భోజనంలో ఏం తిన్నావని అడిగేవాళ్ళు ఎంతమంది చెప్పండి.

ఉత్తరం చూసి ఇదేనని నేను తేల్చి చెప్పలేను. మీరు గుర్తు చేసుకోండి, ఈ ఏడాదిలో పశువుల సాలలో పని చేసి వచ్చాక చంకలోనో, నడుం దగ్గర బెల్టు కిందో, మోకాలి వెనకో గోమారి పట్టుకుని ఉండటం, ఆ చోట వారాల తరబడి దురద పెట్టడం జరిగిందా? అదీ చెబుతూ విజయనగరంలో గానీ విశాఖలో గానీ ఎలర్జీ చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆల్ఫా-గాల్ ఐజీఈ రక్తపరీక్ష అడగండి, శాంపిల్ బయటి ల్యాబుకి పంపాల్సి రావచ్చు. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకోండి, గోమార్లు కుట్టినవాళ్ళలో చాలామందికి పరీక్ష పాజిటివ్ వచ్చినా మటన్ తింటే ఏమీ అవదు, కాబట్టి కాగితం ఒక్కటే చాలదు, మీరు రాసిన ఈ కథ కూడా కావాలి. ఏం తిన్నారు, ఎన్ని గంటలకి, ఎప్పుడు మొదలైంది, ఒక నోటుబుక్కులో రాసి పట్టుకెళ్ళండి.

పరీక్ష అయ్యేదాకా మేక, గొర్రె, పంది, పశుమాంసం ఏదీ ముట్టొద్దు, చూద్దాం ఒక్క ముక్క అని ఇంట్లో ప్రయోగం అసలే వద్దు. మీరు కళ్ళు తిరిగి పడ్డారంటే బీపీ పడిపోయి ఉంటుంది, అది దురదతో పోయే వ్యవహారం కాదు. 2024లో న్యూజెర్సీలో 47 ఏళ్ళ మనిషి పశుమాంసంతో చేసే హాంబర్గర్ తిన్న నాలుగు గంటలకి చనిపోయాడు, దానికి రెండు వారాల ముందు స్టీక్ అనే పశుమాంసం ముక్క తిని ఇలాగే అర్ధరాత్రి కడుపునొప్పితో లేచాడు, కారణం ఆల్ఫా-గాల్ అని తర్వాత తేలింది. మళ్ళీ ఎప్పుడైనా దద్దుర్లతో పాటు ఊపిరి ఆడకపోయినా, గొంతు బిగిసినా, కళ్ళు తిరిగినా, వాంతులు ఆగకపోయినా వెంటనే 108కి ఫోన్ చేసి వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో పెట్టాలి, లేపి నడిపించకూడదు. ఊపిరి ఆడనివాళ్ళని మాత్రం కూర్చోనివ్వండి, వాంతులవుతుంటే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. అప్పుడు ముందు పడాల్సిన మందు అడ్రినలిన్, తొడ కండలోకి, అవిల్ లాంటి దురద మందు, స్టెరాయిడ్ దాని తర్వాతే. ఈ మాట మీ ఆవిడకీ నేర్పండి, ఆ టైములో చెప్పే స్థితిలో మీరుండరు.

పాలు, పెరుగు ఇప్పటిదాకా పడుతుంటే మానక్కర్లేదు, ఎక్కువమందికి పడతాయి. కొన్ని ఒంటినొప్పుల బిళ్ళలు, సారా, బీరు లాంటివి తాగడం రియాక్షన్‌ని పెంచొచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి, పొలం పని చేసేవాళ్ళు కాబట్టి చెబుతున్నాను, పాము విరుగుడు ఇంజెక్షన్ గుర్రం రక్తం నుంచి తయారవుతుంది, అందులోనూ ఆల్ఫా-గాల్ ఉంటుంది. అలాగని పాము కరిస్తే ఆ ఇంజెక్షన్ వద్దనకండి, అది లేకపోతే ప్రాణమే పోతుంది, నాకు ఈ ఎలర్జీ ఉందని డాక్టరుకి చెబితే అడ్రినలిన్ పక్కన పెట్టుకుని ఇస్తారు. ఆపరేషన్‌కి ముందు కూడా చెప్పాలి, రక్తం పలచన చేసే హెపారిన్ పంది పేగుల నుంచి తీస్తారు, గుండె కవాటాల్లో కొన్ని పందివి, ఆవువి.

ఇది జీవితాంతం ఉండాలనేం లేదు. మళ్ళీ గోమార్లు కుట్టకుండా చూసుకుంటే కొందరికి కొన్నేళ్ళలో ఆ యాంటీబాడీలు తగ్గి మాంసం మళ్ళీ పడుతుంది, కుడుతూనే ఉంటే పెరుగుతుంది. అంటే మీ వైద్యం సగం పశువుల సాలలోనే ఉంది. పశువుల డాక్టరుని పిలిచి ఆవులకి, మేకలకి గోమార్ల మందు పట్టించండి, సాలలో గోడల పగుళ్ళు పూడ్చండి, పనిలో ఫుల్ ప్యాంటు వేసుకుని, వచ్చాక స్నానం చేస్తూ ఒళ్ళంతా తడిమి చూసుకోండి. వచ్చే పండక్కి మీకు నాటుకోడి వేరే గిన్నెలో, వేరే గరిటెతో వండించుకోండి, మటన్ వేపిన నూనెలో మాత్రం వద్దు.

ప్రశ్న: మేడమ్, మాది కోటబొమ్మాళి. మా బాబు చెవి వెనక గోమారి పట్టుకుంది, మా మావగారు అగరొత్తి అంటించి కాల్చమన్నారు, మా ఆడపడుచు కిరసనాయిలు పొయ్యమంది. ఏది మంచిది? దీంతో స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తాదా?

జవాబు: రెండూ వద్దమ్మా. కాలిస్తేనో కిరసనాయిలు పోస్తేనో అది ఇంకా లాలాజలం కక్కుతుంది, పిల్లాడి చెవీ కాలుతుంది. సన్న మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి దాని మూతి దగ్గర పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా తిన్నగా పైకి లాగండి, పొట్ట నలపకండి. తర్వాత సబ్బుతో కడిగి తారీఖు రాసి పెట్టుకోండి. స్క్రబ్ టైఫస్ తెచ్చేది గోమారి కాదు, పొదల్లో ఉండే, కంటికి సరిగ్గా కనపడని ఇంకో చిన్న పురుగు. అయినా రెండు వారాల లోపు జ్వరం వచ్చినా, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పొక్కు కనపడినా పిల్లాణ్ణి ఆ రోజే డాక్టరుకి చూపించి పురుగు కుట్టిన సంగతి చెప్పండి.