ముదురు దుప్పిపోతు ఎక్కడ ఉంటుంది?

ప్రశ్న: హెచ్1బీ మీద అరిజోనాలోని ఫీనిక్స్‌కు వచ్చి ఏడాది దాటింది. ఆఫీసు మిత్రులు మ్యూల్ డీర్ అనే ఇక్కడి దుప్పి వేటకు రమ్మంటున్నారు. పెద్ద కొమ్ముల పోతులు ఈ ఎడారిలో ఎక్కడ ఉంటాయి? నేను తుపాకీ కొనుక్కోవచ్చా?

జవాబు: మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. అక్కడ పొరపాటు జరిగితే మొదటిదానితో ఇక పని ఉండదు. హెచ్1బీ, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసాలపై ప్రవేశించినవారి దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఇక్కడి ప్రభుత్వం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. అంటే ముందు లైసెన్సు, తరువాతే తుపాకీ. మిత్రుడి తుపాకీని సరదాగా చేతిలోకి తీసుకోవడానికీ ఇదే వరస. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. మీ కాగితాలు ఇమిగ్రేషన్ లాయరుకు చూపించాకే అడుగు వేయండి. ఆ ఫీజు దగ్గర పిసినారితనం వద్దు.

లైసెన్సు ఒక్కటే చాలదు, దుప్పికి వేరే ట్యాగ్ (ఆ జంతువును వేటాడే అనుమతి చీటీ) కావాలి. తుపాకీ వేటకు ట్యాగులను అరిజోనా గేమ్ అండ్ ఫిష్ శాఖ లాటరీ తీసి ఇస్తుంది. లాటరీ మనకు కొత్త కాదు కదా! శరదృతువు వేటకు దరఖాస్తు గడువు సాధారణంగా జూన్ మొదట్లో ముగుస్తుంది. లాటరీలో ట్యాగ్ రానివారికి ఏటా ఒక బోనస్ పాయింటు కలుస్తుంది, పాయింట్లు పెరిగితే అవకాశం పెరుగుతుంది. శాఖ నడిపే వేట శిక్షణ పూర్తిచేస్తే శాశ్వతంగా ఒక పాయింటు వస్తుంది, ముందు అది చేయండి. ఉత్తరాన అరిజోనా స్ట్రిప్‌లోని 13ఏ, 13బీ యూనిట్ల (వేట ప్రాంతాల) గురించి మీ మిత్రులు కలలు కంటూ ఉంటారు. పెద్ద పోతులకు అవి పేరుమోసినవే, కానీ ఆ ట్యాగ్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. దక్షిణాన సోనోరన్ ఎడారిలో వేట నేర్చుకోండి.

నాది అనంతపురం. కరవు అంటే ఏమిటో తెలిసినవాణ్ణే అనుకున్నాను. ఫీనిక్స్‌లో ఏడాదికి కురిసే వాన 180 మిల్లీమీటర్లు, అనంతపురం వానలో మూడో వంతు. కాబట్టి నీళ్లున్న చోటే జింకలుంటాయని తేల్చుకుని, మొదటి ఏడాది ఒక పశువుల నీటి గుంట నుంచి ఇంకో గుంటకు రోజుకు పది మైళ్లు నడిచాను. చూసినవన్నీ పారిపోయే వీపులే. నాలుగు కాళ్లూ ఒకేసారి లేపి బంతిలా ఎగురుతూ పోతుంది మ్యూల్ డీర్. ఆ దృశ్యం అందంగానే ఉంటుంది, ట్యాగ్ మాత్రం జేబులోనే మిగిలిపోతుంది.

ముదురు పోతును కాళ్లతో వెతకకూడదు, కళ్లతో వెతకాలి. తుపాకీకి పెట్టే డబ్బులో సగం మంచి బైనాక్యులర్లకూ, వాటిని నిలబెట్టే ట్రైపాడ్‌కూ పెట్టండి. చేతిలో పట్టుకుంటే పదిరెట్లు చూపేది కూడా వణుకుతుంది, మైలు దూరంలోని చెవి కదలిక అందులో తెలియదు. తెల్లవారకముందే ఒక గుట్ట ఎక్కి, సూర్యుడు వీపువైపు ఉండేలా కూర్చోండి. మొత్తం జింక కోసం చూడకండి. నిలువు కొమ్మల మధ్య అడ్డంగా ఒక గీత కనిపిస్తే అది వీపు కావచ్చు. తెల్లటి పిరుదు, కంచరగాడిద చెవుల్లాంటి చెవులు (పేరు వచ్చింది వాటి వల్లే), కొమ్ముపై ఎండ మెరుపు: వెతకాల్సినవి ఇవి.

ఎండ ఎక్కాక అందరూ క్యాంపుకు పోయి కాఫీ కాచుకుంటారు. మీరు లేవకండి. పడుకున్న పోతు మీదినుంచి నీడ జరిగిపోతుంది. అది లేచి, ఒళ్లు విరుచుకుని, నాలుగడుగులు వేసి మళ్లీ నీడలో కూలబడుతుంది. ఆ రెండు నిమిషాలే మీ అవకాశం. ఎండిపోయిన వాగుల అంచున ఉండే పాలో వెర్డె, ఐరన్‌వుడ్, మెస్కీట్ చెట్ల నీడలను ఒక్కొక్కటిగా గాలించండి. మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే, ముళ్లు చూడగానే గుర్తుపడతారు. నీటి దగ్గర తరచుగా కనిపించేవి ఆడవి, పిల్లలు. ముదురు పోతు తరచుగా రోడ్డుకు దూరంగా, 'ఇక్కడేముంటుంది' అని మనం దాటిపోయే చదును నేలలో, చిన్న చిన్న వాగుల చీలికల్లో ఒంటరిగా ఉంటుంది. వాన పడితే గుంటలను నమ్ముకోవద్దు, నీళ్లూ పచ్చికా అన్ని చోట్లా దొరికి జింకలు చెదిరిపోతాయి.

ఈ లెక్క మొత్తం డిసెంబరు చివరా జనవరిలో తలకిందులవుతుంది. ఈ ఎడారిలో జోడు కట్టే కాలం అదే. అప్పుడు పోతు కోసం కాదు, ఆడ గుంపు కోసం వెతకాలి. గుంపు దొరికితే దాన్ని వదలకండి, ఇవాళ రాకపోయినా రేపు పోతు వస్తుంది. ఆ నెలల్లో చాలా యూనిట్లలో విల్లు వేట ఉంటుంది. విల్లు తుపాకీ కాదు కాబట్టి పైన చెప్పిన ఫెడరల్ చిక్కు దానికి లేదు, లైసెన్సూ ట్యాగూ మాత్రం తప్పనిసరి.

వయసును కొమ్ములు చూసి లెక్కకట్టకండి. అవి ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి, మేత బాగున్న ఏడు కుర్రదానికీ బాగా పెరుగుతాయి. ఒంటిని చూడండి. లోతైన ఛాతీ, కాస్త కుంగిన వీపు, జారిన పొట్ట, మందపాటి మెడ, నెరిసిన మొహం ఉంటే ముదురుదే. కొమ్ము రెండుగా చీలి, ఆ పాయలు మళ్లీ రెండేసిగా చీలితే మ్యూల్ డీర్. ఒకే దండం నుంచి పైకి పిలకలు వేస్తే అది కూస్ తెల్లతోక జింక. మీ ట్యాగ్ మ్యూల్ డీర్‌కు మాత్రమే అయితే రెండోదాన్ని కొట్టడం నేరం.

వేట కోసం చెట్లకు కట్టే కెమెరాలను 2022 జనవరి నుంచి అరిజోనా నిషేధించింది. పాత వీడియోలు చూసి కొనకండి. పశువులకూ జంతువులకూ అడ్డమయ్యేలా నీటి గుంటకు పావు మైలు లోపు గుడారం వేయకూడదు. తినదగిన మాంసాన్ని పారేయకూడదు, అమ్మనూ కూడదు. తెలుగు వాట్సాప్ గుంపులో 'కిలో ఎంత' అని అడిగేవారు తప్పకుండా ఉంటారు, ఊరికే ఇవ్వండి. మనూళ్లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేట అంటే జైలే కాబట్టి ఇంటికి ఫోటో పంపే ముందు ఆలోచించుకోండి. మా అమ్మకు నేను ఇప్పటికీ చెప్పలేదు.

మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్ల నీళ్లు, చోయా అనే ముళ్ల కాక్టస్ ముళ్లు లాగడానికి ఒక దువ్వెన బండిలో పెట్టుకోండి. ఆ ముళ్ల ముద్దను చేత్తో పట్టుకుంటే రెండో చెయ్యీ అంటుకుంటుంది. వాగుల్లో ఫోను పనిచేయదు. ఎక్కడ ఆపుతున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. ఆ వేళ దాటితే 911కు ఫోన్ చేయమనండి, వెతకడానికి వచ్చేది ఆ కౌంటీ షెరిఫ్ మనుషులే.