42 రోజులు దాటితే మాతృ మరణం కాదా?

ప్రశ్న: కాన్పయిన 47వ రోజున ఒక బాలింత గుండె జబ్బుతో చనిపోయింది. మాతృ మరణంగా రాయాలా, వద్దా? రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి?

జవాబు: గర్భం ముగిసిన రోజు నుంచి. అది కాన్పు కావచ్చు, అబార్షన్ కావచ్చు, గర్భసంచి బయట, అండవాహిక నాళంలో నిలిచిన గర్భాన్ని తీసిన ఆపరేషన్ కావచ్చు. కొందరు డిశ్చార్జి తేదీ నుంచి మొదలుపెడతారు, అది తప్పు. మార్చి 3న కాన్పయితే 42 రోజుల గడువు ఏప్రిల్ 14తో తీరుతుంది. ఈలోగా గర్భం వల్లగానీ, గర్భంతో ముదిరిన జబ్బు వల్లగానీ, అందుకు చేసిన చికిత్స వల్లగానీ పోతే మాతృ మరణం. ఎన్నో నెలైనా, గర్భం ఎక్కడ నిలిచినా ఒకటే.

మీరు చెప్పినామెకు 42 రోజులు దాటాయి, ఏడాది నిండలేదు. కాన్పు సమయంలో గుండె కండరం బలహీనపడే కార్డియోమయోపతి లాంటిదైతే ‘ఆలస్య మాతృ మరణం’ కింద రాయాలి. జబ్బులకు, మరణ కారణాలకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ జాబితా ఐసీడీ-10లో దాని కోడ్ ఓ96. మామూలు మాతృ మరణాల నిష్పత్తిలో కలపరు, అయినా నమోదు తప్పదు. వెంటిలేటర్ మీద వారాల తరబడి ప్రాణం నిలబెడుతున్న ఈ రోజుల్లో 42 అనే గీత ఇరుకేనని మా అభిప్రాయం.

ప్రశ్న: రోడ్డు ప్రమాదం, ఆత్మహత్య కూడా లెక్కలోకి వస్తాయా?

జవాబు: గర్భిణి రోడ్డు ప్రమాదంలో పోతే రాదు. ఆత్మహత్య వస్తుంది. గర్భంతో ఉన్నప్పుడో, కాన్పయ్యాక కుంగుబాటుతోనో జరిగినవాటిని ప్రత్యక్ష మాతృ మరణాలుగా (గర్భం, కాన్పు వల్ల నేరుగా జరిగినవిగా) చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012 వర్గీకరణలో చెప్పింది.

ప్రశ్న: మరణ కారణ ధ్రువపత్రంలో తరచూ ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని మాత్రమే రాస్తున్నారు. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. గుండె, ఊపిరి ఆగడం పోయిన ప్రతివారికీ జరిగేదే, అది కారణం కాదు. మొదటి భాగంలో పై గీత మీద చివరగా జరిగింది, కిందికి పోనుపోను దానికి ముందు జరిగింది రాయాలి. ఉదాహరణకు:

(ఎ) రక్తస్రావం వల్ల షాక్, 2 గంటలు
(బి) కాన్పు తర్వాత గర్భసంచి ముడుచుకోక రక్తస్రావం, 5 గంటలు

రెండో భాగంలో, మరణానికి తోడైన ఇతర జబ్బు: తీవ్ర రక్తహీనత.

కోడ్ వేసేవారు మూల కారణం కోసం చూసేది మొదటి భాగంలో అన్నిటికన్నా కింద ఉన్న గీతనే. ఇది తలకిందులైతే అసలు కారణం మరుగున పడుతుంది. ‘సెప్సిస్’ (ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతినడం) అని ఊరుకుంటే ఆ మరణం మామూలు ఇన్ఫెక్షన్ల గుంపులోకి, ఏ41లోకి పోతుంది. ‘బాలింత సెప్సిస్’ అంటే ఓ85. ఒక్క మాటలో ఉంది తేడా అంతా. ‘సిజేరియన్’ అని రాసి వదిలేయడమూ పనికిరాదు, ఎందుకు కోయాల్సి వచ్చిందో ఉండాలి.

ధ్రువపత్రంలో గర్భం గురించిన గడి ఖాళీగా వదలొద్దు, అలవాటుగా టిక్కూ పెట్టొద్దు. అమెరికాలో 2003 నుంచి ఒక్కో రాష్ట్రంలో ఈ గడి వచ్చాక తప్పు టిక్కులతో అంకెలు పెరిగాయి. వయసు మళ్లినవారు కూడా గర్భిణుల జాబితాలో చేరారు. 2018 లెక్కల నుంచి 45 ఏళ్లు, ఆపై వారికి ఆ గడిని పట్టించుకోవడం మానేశారు.

ప్రశ్న: మాతృ మరణాల నిష్పత్తి ఎలా కట్టాలి?

జవాబు: మాతృ మరణాలను సజీవ జననాలతో భాగించి లక్షతో హెచ్చించాలి. 12,500 సజీవ జననాలకు 8 మరణాలైతే 64. కవలలు పుడితే కింద రెండు జననాలు. ఇంత చిన్న సంఖ్యల్లో ఒక్క మరణం పెరిగినా 72 అవుతుంది, ఏడాదికేడాది పోల్చి కంగారు పడొద్దు.

ప్రశ్న: లెక్కకు అందకుండా పోయేవి ఎక్కువగా ఏవి?

జవాబు: ప్రసూతి వార్డు బయట జరిగేవి. మెడికల్ వార్డులో, ఐసీయూలో, క్యాజువాలిటీలో పోయినవారు, ముఖ్యంగా తొలి మూడు నెలల్లో అబార్షన్‌తోనో, నాళం పగిలో పోయినవారు. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీల మరణాలన్నీ రిజిస్టర్ నుంచి తీసి, గత ఏడాది జననాల రిజిస్టర్‌లో తల్లుల పేర్లతో సరిచూడండి. సజీవ జననం లేనివి అక్కడ దొరకవు కాబట్టి, ఆఖరి నెలసరి ఎప్పుడని ఇంటివాళ్లను విడిగా అడగాలి.